పెన్‌డ్రైవ్ లైనక్స్‌లో ప్యాకేజీ లిస్టులు నిలవాలంటే: కొర్లగుంట రీడింగ్ రూమ్ డైరీ

తిరుపతి కొర్లగుంటలో మా వీధి రీడింగ్ రూమ్‌కు ఎవరో నాలుగు పాత డెస్క్‌టాప్‌లు ఇచ్చారు. ఒక్కదానికీ పనిచేసే హార్డ్ డిస్క్ లేదు. అందుకే డెబియన్ 12 అనే లైనక్స్‌ను, హార్డ్ డిస్క్‌లో ఎక్కించకుండానే నడిచే 'లైవ్' రూపంలో, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో, పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతున్నాం. నడవడానికి బాగానే నడుస్తుంది. ఆపి మళ్లీ వేస్తే మాత్రం నిన్న చేసిందంతా పోతుంది. ఆప్ట్ (డెబియన్‌లో ప్రోగ్రాములను నెట్ నుంచి తెచ్చి ఎక్కించే సాధనం) దించుకునే ప్యాకేజీ లిస్టులు, అంటే దొరికే ప్రోగ్రాముల పట్టికలు, రీబూట్ దాటి నిలబడేలా చెయ్యడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు తప్పులే కాబట్టి డైరీలో అవే ఎక్కువ.

ఆదేశాలు, ఫోల్డర్ పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. రూమ్ గోడకు అంటించి పిల్లలకు చదివి చెప్పే కాగితంలోంచి తీసుకున్నవి. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

దశ 0: ముందు కొలతలు

యంత్రాలు: కోర్ 2 డ్యుయో కాలం నాటివి. మూడింటికి 4 జీబీ ర్యామ్, ఒకదానికి 2 జీబీ.
నెట్: నా ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 1.5 జీబీ.
కరెంటు: రోజూ ఒకసారైనా పోతుంది. యూపీఎస్ లేదు.

లైవ్ సిస్టమ్‌లో అసలు ఫైళ్లు మార్చడానికి వీల్లేని గట్టి మూటలో ఉంటాయి. మనం చేసే మార్పులన్నీ దాని మీద ర్యామ్‌లో పరిచిన పలచటి పొరలో పడతాయి. కరెంటు పోతే ఆ పొర పోతుంది. /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ కూడా ఆ పొరలోదే. అందుకే బూట్ అయిన ప్రతిసారీ 'ఆప్ట్ అప్‌డేట్' కొట్టక తప్పదు. కొట్టిన ప్రతిసారీ మెయిన్ లిస్టు 8.8 ఎంబీ, ఇంగ్లిషు వివరణల ఫైలు 6.1 ఎంబీ, సెక్యూరిటీ వగైరా ఇంకో అర ఎంబీ, మొత్తం సుమారు 15.5 ఎంబీ దిగుతుంది. మా హాట్‌స్పాట్ మీద 1 నిమిషం 50 సెకన్లు.

గరుడ సేవ సాయంత్రం ఇదే పని 14 నిమిషాలు పట్టి మధ్యలో తెగిపోయింది. ఆ రోజు ఊళ్లో ఉన్న లక్షల ఫోన్లూ ఉన్న టవర్లకే తగులుకుంటాయి, తప్పెవరిదీ కాదు. నోటు పుస్తకం తీసింది మాత్రం ఆ రాత్రే.

ఒక రోజంతా రాసి చూసిన లెక్క:

1. బూట్లు 11 (కరెంటు పోయి వేసినవి 3).
2. లిస్టులకు 170 ఎంబీ.
3. డెబ్ ఫైళ్లకు, అంటే అసలు ప్యాకేజీలకు, 610 ఎంబీ.

నేను లిస్టులే దొంగ అనుకున్నాను. డేటా తిన్నది డెబ్ ఫైళ్లు. అయినా ముందు లిస్టుల పనే పట్టుకున్నాను. లిస్టు దిగేదాకా ఎవరూ ఏదీ ఎక్కించలేరు, 11 బూట్లకు తలా రెండు నిమిషాల చొప్పున పిల్లలు గోడ చూస్తూ కూర్చుంటున్నారు.

దశ 1: పెన్‌డ్రైవులు

32 జీబీవి మూడు, ఒక్కోటి 380 రూపాయలు, దుకాణంలో బిల్లుతో కొన్నాను. నాలుగోది ఫుట్‌పాత్ మీద '64 జీబీ' అని రాసి ఉంటే 250కి తీసుకున్నాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు రాసిన ఫైళ్లు చదవడానికి రాలేదు. 'ఎఫ్3' అనే ప్యాకేజీలోని పరీక్ష నడిపితే అసలు సైజు 8 జీబీ కూడా లేదని తేలింది. లోపలి చిప్ అబద్ధం చెబుతుంది, కంప్యూటర్ నమ్ముతుంది. కొన్న రోజే ఎఫ్3 నడపండి. నేను మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను.

ఇప్పటిదాకా ఖర్చు: 1,140 + 250 + దాని బదులు కొన్నది 380 = 1,770 రూపాయలు.

దశ 2: విభజన, పేరు, బూట్ మాట

డెబియన్ లైవ్‌కు నిలవ ఉంచే సదుపాయం ముందునుంచే ఉంది, మనం కనిపెట్టేదేమీ లేదు. అది మూడు అడుగుతుంది: 'పర్సిస్టెన్స్' అని లేబుల్ ఉన్న విభజన (పార్టిషన్), ఆ విభజనలో 'పర్సిస్టెన్స్.కాన్ఫ్' అనే ఫైలు, బూట్ వరుసలో 'పర్సిస్టెన్స్' అనే మాట. మూడింట్లోనూ నేను తప్పు చేశాను.

మొదటి తప్పు: విండోస్‌లోనూ కనపడుతుందని విభజనను ఫ్యాట్32గా చేశాను. ఫ్యాట్‌లో ఫైలు ఎవరిది, ఎవరికి ఏ అనుమతి అన్నది నిలవదు. ఆప్ట్ తన 'పార్షియల్' ఫోల్డర్‌ను '_ఆప్ట్' అనే వేరే యూజర్ పేరున ఉంచుకుంటుంది కాబట్టి ఇక్కడ ఫ్యాట్ పనికిరాదు. ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫార్మాట్‌కు మార్చాను.

రెండో తప్పు: లేబుల్‌లో మొదటి అక్షరం పెద్దది కొట్టాను. తప్పని ఎక్కడా చెప్పదు, మామూలుగా బూట్ అవుతుంది, ఏమీ దాచదు. ఒక సాయంత్రం పోయింది. అంతా చిన్న అక్షరాల్లోనే ఉండాలి.

మూడోది పెద్దది. ఐఎస్ఓను (డెబియన్ లైవ్ మొత్తం ఉండే ఒక్క ఫైలు) పెన్‌డ్రైవ్ మీద నేరుగా రాస్తే బూట్ మెనూ ఉన్న భాగం మార్చడానికి వీల్లేనిది. ప్రతి బూట్‌కూ మెనూ దగ్గర ట్యాబ్ నొక్కి, వరుస చివర ఆ మాట కొట్టి ఎంటర్ నొక్కాలి. నేనైతే కొడతాను. తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ కొట్టమంటే కొట్టరు, మరిచిపోతే ఆ రోజు దాచింది లేదు.

దీనికి ఒక పాత ఉపాయం ఉంది. మెనూలో 'క్వయట్ స్ప్లాష్' అనే రెండు మాటలు ముందే ఉంటాయి. ఇంగ్లిషులో ఖాళీతో కలిపి 12 అక్షరాలు. 'పర్సిస్టెన్స్' 11 అక్షరాలు, దాని పక్కన ఒక ఖాళీ పెడితే 12. సెడ్ అనే మాటలు మార్చే ఆదేశంతో ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌కు పంపేటప్పుడే ఒకదాని స్థానంలో ఇంకోటి పెడితే సైజు మారదు. నేను ఆ చివరి ఖాళీ పెట్టలేదు. మార్చిన ప్రతిచోటా ఒక్కో బైట్ తగ్గి, దాని తర్వాత ఉన్నదంతా పక్కకు జరిగింది. పెన్‌డ్రైవ్ బూటే కాలేదు. ఒక్క ఖాళీ అక్షరం కోసం ఐఎస్ఓ మూడుసార్లు రాశాను.

చివరికి నిలిచిన వరుస:

1. సెడ్‌తో మాట మార్చుతూ ఐఎస్ఓను పెన్‌డ్రైవ్ మీద రాయాలి. విభజన మీద కాదు, మొత్తం పరికరం మీద.
2. విభజనలు గీసే ఎఫ్‌డిస్క్‌లో మూడో విభజన, మొదలు 8388608వ సెక్టార్ (సరిగ్గా 4 జీబీ దగ్గర), చివర ఉన్నంత.
3. ఈఎక్స్‌టీ4, లేబుల్ 'పర్సిస్టెన్స్'.
4. మౌంట్ చేసి పర్సిస్టెన్స్.కాన్ఫ్ రాసి, 'సింక్' కొట్టి, అన్‌మౌంట్.
5. బూట్ అయ్యాక /ప్రాక్/సీఎండీలైన్ చదివి ఆ మాట ఉందో లేదో చూడాలి.

ఆ 8388608ని పెన్‌డ్రైవ్ మీద స్టిక్కర్ రాసి అంటించండి. తర్వాత ఎప్పుడైనా ఐఎస్ఓ మళ్లీ రాస్తే విభజనల పట్టిక చెరిగిపోతుంది, మూడో విభజన మాయమవుతుంది. లోపలి సరుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే సెక్టార్ నుంచి విభజనను మళ్లీ గీసి, ఫార్మాట్ చెయ్యకుండా వదిలేస్తే అంతా తిరిగొస్తుంది. నాకు రెండుసార్లు వచ్చింది. ఐఎస్ఓ అయిన వెంటనే కాకుండా 4 జీబీ దగ్గర మొదలుపెట్టింది కూడా ఇందుకే. రేపు ఐఎస్ఓ కాస్త లావైనా విభజన మీదికి రాదు.

ఇప్పటిదాకా: ఐఎస్ఓ రాతలు 9, సాయంత్రాలు 6, ఖర్చు 1,770.

దశ 3: ఏం దాచాలి

ప్రయత్నం ఒకటి, అంతా దాచడం. పర్సిస్టెన్స్.కాన్ఫ్‌లో ఒకే వరుస: '/ యూనియన్'. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే చెబుతారు. ఆరు రోజులు నడిపాను.

మూడో రోజు ఒకబ్బాయి ఏదో ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ వేస్తే డీపీకేజీ (ఆప్ట్ తెచ్చినవాటిని విప్పి ఎక్కించే సాధనం) మధ్యలో ఆగింది, సరిచెయ్యమని అడుగుతోంది. ఎవరికీ అర్థం కాలేదు. రెండు రోజులు ఆ యంత్రం మీద ఏదీ ఎక్కలేదు. ఇంతకుముందైతే రీబూట్ చేస్తే పొయ్యేది. లైవ్ సిస్టమ్‌కు ఉన్న ఒక్క వరం అదే, దాన్ని నేనే తీసేశాను. ఐదో రోజు ఇంకొకడు మొత్తం అప్‌గ్రేడ్ కొట్టాడు. కొత్త కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) వచ్చి విభజనలో కూర్చుంది. బూట్ అయ్యేది మాత్రం ఐఎస్ఓలోని పాత కెర్నెలే, కొత్తది ఊరికే చోటు తింటోంది. ఫైర్‌ఫాక్స్ తన క్యాష్‌ను పెన్‌డ్రైవ్ మీద రాస్తూ ఉంటే టైప్ చేసిన అక్షరం తెర మీదికి రావడానికి సెకను పడుతోంది.

ఆరు రోజులకు నిండింది: 1.9 జీబీ. అందులో నాకు కావలసిన లిస్టులు 80 ఎంబీ లోపే.

ప్రయత్నం రెండు, ఆప్ట్‌కూ డీపీకేజీకీ సంబంధించినవి మాత్రమే. /వార్/లిబ్/ఆప్ట్ ఒక వరుస, /వార్/లిబ్/డీపీకేజీ ఇంకో వరుస. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఒకబ్బాయి ఫోను.

"అన్నా, నిన్న ఎక్కిచ్చిన జీనీ యాడికి పొయింది?"

"మళ్లీ ఎక్కించు రా."

"ఎక్కిచ్చమంటే ఉండాది అంటాది. తెరవమంటే లేదంటాది. ఏందన్నా ఇది?"

వాడు చెప్పింది అక్షరాలా నిజం. జీనీ అంటే ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్. /వార్/లిబ్/డీపీకేజీలో ఉండేది ఎక్కిన ప్యాకేజీల చిట్టా. ఆ చిట్టా పెన్‌డ్రైవ్‌లో నిలిచింది. జీనీ ఫైళ్లు ర్యామ్ పొరలో ఉండి రాత్రికే పోయాయి. బియ్యం కార్డు మీద వేలిముద్ర పడింది, బస్తా ఇంటికి రాలేదు, అడిగితే ఇచ్చేశాం అంటారు. 'డీపీకేజీ మైనస్ పెద్ద వీ' కొట్టి చూస్తే జీనీ ఫైళ్లన్నీ 'మిస్సింగ్' అని వరుసగా వచ్చాయి.

ఇక్కడే నాకు తేడా తెలిసింది. లిస్టు బయటి లోకం గురించి చెబుతుంది: ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉంది, సైజు ఎంత, హ్యాష్ (ఫైలు సరిగా దిగిందో లేదో చూసే గుర్తు) ఏమిటి. అది పాతబడితే ఆప్ట్ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటుంది, పోతే మళ్లీ దించుకుంటుంది. చిట్టా ఈ యంత్రం గురించి చెబుతుంది. అది తప్పైతే సరిచూసుకోవడానికి దానికి ఎవరూ లేరు, నమ్ముతుంది అంతే. మొదటిది దాచవచ్చు. రెండోదాన్ని దాని ఫైళ్లతో సహా దాచాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు.

/వార్/లిబ్/ఆప్ట్‌ను మొత్తంగా దాచడమూ తప్పే. అందులో 'ఎక్స్‌టెండెడ్ స్టేట్స్' అనే ఫైలు ఉంటుంది, ఏది మనం అడిగి ఎక్కించింది, ఏది దానంతటదే వచ్చింది అని రాసుకుంటుంది. అదీ చిట్టా జాతిదే.

ప్రయత్నం మూడు. ఒకే వరుస:

/వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ బైండ్

'బైండ్' అంటే పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను తెచ్చి ఆ చోట తగిలిస్తుంది. పనిచేస్తోందో లేదో చూడాలంటే 'ఫైండ్‌మౌంట్' కొట్టి పక్కన ఆ దారి రాయాలి. ఏమీ చూపకపోతే తగల్లేదన్నమాట.

కొలత: మొదటి బూట్‌లో అప్‌డేట్ 1 నిమిషం 47 సెకన్లు, 15.5 ఎంబీ. ఆపి మళ్లీ వేశాక 6 సెకన్లు, ఫోన్ లెక్కలో 0.1 ఎంబీ. అన్ని వరుసల ముందూ 'గెట్' బదులు 'హిట్' పడింది. సర్వర్ దగ్గరున్నదే మన దగ్గరా ఉందని దాని అర్థం. డెబియన్ స్టేబుల్ మెయిన్ లిస్టు పాయింట్ రిలీజ్ (సవరణలన్నీ కలిపి ఒకేసారి ఇచ్చే విడుదల) వచ్చినప్పుడే మారుతుంది, మధ్యలో కదిలేది సెక్యూరిటీ లిస్టు. అది చిన్నది.

ఇప్పటిదాకా: వారాలు 3, లిస్టుల డేటా రోజుకు 170 ఎంబీ నుంచి 3 ఎంబీకి.

దశ 3 కింద అతుకులు

రెండో యంత్రంలో సోర్సెస్ ఫైలుకు (ఆప్ట్ ఎక్కడి నుంచి దించాలో రాసి ఉండేది) 'కాంట్రిబ్', 'నాన్‌ఫ్రీ' అనే అదనపు విభాగాలు చేర్చాను. రీబూట్ అయ్యాక సోర్సెస్ ఫైలు పాత రూపానికి వెళ్లిపోయింది, అది ఉండే /ఈటీసీ ఫోల్డర్‌ను దాచలేదు కదా. అప్‌డేట్ కొట్టగానే ఆప్ట్ 'ఈ లిస్టులు ఎవరివో, మన సోర్సుల్లో లేవు' అని వాటిని తుడిచేసింది. ఆప్ట్‌కు ఆ శుభ్రం చేసే అలవాటు ఉంది. నిన్న కనపడిన ప్యాకేజీ ఇవాళ కనపడకపోవడానికి కారణం వెతకడానికి రెండు గంటలు పట్టింది. మందు: చేర్చినవన్నీ /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్‌లో వేరే ఫైలుగా పెట్టి, ఆ ఫోల్డర్‌నూ బైండ్ చెయ్యడం.

వివరణల ఫైలు 6.1 ఎంబీ ఎందుకని, అప్‌డేట్ ఆదేశంలోనే భాషలు వద్దని చెప్పాను. తగ్గింది. తర్వాత ఒకడు మామూలు అప్‌డేట్ కొట్టాడు, వచ్చేసింది. నేను మళ్లీ నా పద్ధతిలో కొడితే ఆప్ట్ దాన్ని తుడిచింది. వాడు కొడితే మళ్లీ దిగింది. ఇలా రెండు రోజులు తోడుకున్నాం. వదిలేశాను. నిలిచే ఫైలు ఒక్కసారి దిగితే చాలు.

లిస్టులను కుదించి ఉంచే అమరిక కూడా చూశాను. చోటు బాగా తగ్గింది, కానీ బూట్ అయ్యాక మొదటి ఆప్ట్ ఆదేశం 'రీడింగ్ ప్యాకేజ్ లిస్ట్స్' దగ్గర 9 సెకన్ల బదులు 14 సెకన్లు నిలబడింది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 80 ఎంబీ ఒక లెక్కా. తీసేశాను.

దశ 4: గడియారం

మూడో యంత్రంలో లిస్టులు నిలిచాయి, అప్‌డేట్ మాత్రం తిరగబడింది. 'రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్' అంటోంది. ఆప్ట్ లిస్టు మీద ఉన్న తేదీ చూస్తుంది. మన గడియారం అంతకంటే వెనక ఉంటే, రేపటి తేదీ వేసిన చెక్కు తెచ్చినట్టు వెనక్కి పంపేస్తుంది. ఆ యంత్రం బయోస్ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. హాట్‌స్పాట్ ముందే తగిలిన రోజు నెట్ నుంచి టైము సరిపోయేది, ఆలస్యమైన రోజు తిరగబడేది. అందుకే ఒక రోజు పనిచేసి ఒక రోజు చెయ్యలేదు, నేను పెన్‌డ్రైవ్‌ను అనుమానించాను.

సీఆర్2032 బిళ్ల, గాంధీ రోడ్డులో వాచీల కొట్టులో 30 రూపాయలు.

రెండో వైపు గడువూ ఉంది. సెక్యూరిటీ, అప్‌డేట్స్ లిస్టులకు 7 రోజుల చెల్లుబాటు ఉంటుంది. మెయిన్‌కు ఆ గడువు లేదు. అప్‌డేట్ చేసేటప్పుడే ఆప్ట్ ఆ గడువు చూస్తుంది, ఎక్కించేటప్పుడు చూడదు. దీని ఫలితం తర్వాతి దశలో.

ఇప్పటిదాకా ఖర్చు: 1,800 రూపాయలు.

దశ 5: లిస్టుకు వయసు వస్తుంది

దీపావళి సెలవులకు రూమ్ తొమ్మిది రోజులు మూసేశాం. తెరిచిన రోజు ఒకబ్బాయి, లిస్టులు ఉన్నాయి కదా అని అప్‌డేట్ చెయ్యకుండానే క్రోమియం ఎక్కించబోయాడు. '404 నాట్ ఫౌండ్'. లిస్టులో ఉన్న వెర్షన్ సర్వర్‌లో తీసేసి కొత్తది పెట్టారు. క్రోమియంకు సెక్యూరిటీ సవరణలు తరచుగా వస్తుంటాయి. లిస్టు నిలవనప్పుడు ఈ తప్పు వచ్చే అవకాశమే లేదు. నిలబెట్టి నేను తెచ్చుకున్న కొత్త జబ్బు ఇది.

సరే, లిస్టుకు 24 గంటలు దాటితేనే అప్‌డేట్ చేసేలా చిన్న స్క్రిప్టు రాశాను. లిస్టు ఫైళ్ల తేదీ చూసి వయసు కట్టమన్నాను. ప్రతి బూట్‌కూ పాతదనే చెప్పింది. ఇప్పుడే దించిన ఫైలు కూడా నెలల కిందటిదట! ఆప్ట్ దించిన ఫైలు మీద మన దగ్గర దిగిన సమయం వెయ్యదు, సర్వర్‌లో ఆ ఫైలు చివరిసారి మారిన సమయం వేస్తుంది. 'హిట్'ను తేల్చుకోవడానికి దానికి ఆ తేదీ కావాలి. కాబట్టి ఆ తేదీతో వయసు కట్టకండి. అప్‌డేట్ సరిగా ముగిసినప్పుడు /యూఎస్ఆర్/లోకల్ కింద ఒక ఖాళీ ఫైలును 'టచ్' చేసి (దాని తేదీని ఇప్పటికి మార్చి), దాని వయసు చూస్తున్నాను. స్క్రిప్టు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి /యూఎస్ఆర్/లోకల్‌ను కూడా బైండ్ చేశాను.

దశ 6: డెబ్ ఫైళ్లు

ఇప్పుడు అసలు దొంగ, 610 ఎంబీ. /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ ఇంకో బైండ్ వరుస. బూట్ చేసి ఎక్కించి, ఆపి వేసి చూస్తే ఫోల్డర్ ఖాళీ. బైండ్ తగిలిందా అంటే తగిలింది. అరగంట తర్వాత గుర్తొచ్చింది: 'ఆప్ట్' అనే ఆదేశం ఎక్కించడం అయిపోగానే డెబ్ ఫైళ్లను తనే తుడిచేస్తుంది, 'ఆప్ట్-గెట్' తుడవదు. స్క్రిప్టులో అన్నీ ఆప్ట్-గెట్‌కు మార్చాను. పిల్లలకూ గోడ కాగితంలో అదే.

ఏవి ఎక్కించాలో పేర్ల జాబితా కావాలి. మొదట 'డీపీకేజీ గెట్-సెలెక్షన్స్'తో తీస్తే వెయ్యికి పైగా వరుసలు వచ్చాయి, లైవ్‌లో ముందే ఉన్నవన్నీ కలిపి. పనికొచ్చిన పద్ధతి ఇది:

1. కొత్తగా బూట్ అయిన వెంటనే 'ఆప్ట్-మార్క్ షోమాన్యువల్' జాబితాను సార్ట్ చేసి ఒక ఫైలు.
2. కావలసినవన్నీ ఎక్కించాక అదే ఇంకో ఫైలు.
3. రెండు జాబితాలను పోల్చే 'కామ్'తో రెండోదాంట్లో మాత్రమే ఉన్నవి. సార్ట్ చెయ్యకపోతే కామ్ తిక్క జవాబులిస్తుంది.

23 పేర్లు మిగిలాయి: తెలుగు ఫాంట్లు (పోతన, వేమన ఫాంట్లు ఉండే అదనపు ప్యాకేజీతో సహా), తెలుగు టైపింగ్‌కు ఐబస్, ఎం17ఎన్, జీనీ, సీ ప్రోగ్రాములను కంపైల్ చేసే జీసీసీ వగైరా. వాటికి తోడు వచ్చేవి కలిపి 61 డెబ్ ఫైళ్లు, 84 ఎంబీ. బూట్ అయ్యాక పిల్లలు 'తయారు' అని పేరు పెట్టిన స్క్రిప్టు నడిపితే, నెట్ ముట్టుకోవద్దని 'నో-డౌన్‌లోడ్' చెప్పి పెన్‌డ్రైవ్ నుంచే ఎక్కిస్తుంది. 2 నిమిషాల 10 సెకన్లు. అందులో 40 సెకన్లు మాన్ పేజీల (ఆదేశాల సహాయ పత్రాల) సూచిక కట్టడానికే పోతున్నాయని గమనించి డెబ్‌కాన్ఫ్ అమరికల్లో దాన్ని ఆపేశాను. 1 నిమిషం 30.

ఈ పద్ధతి నా సొంతం కాదు. టెయిల్స్ అనే లైవ్ సిస్టమ్ అదనపు సాఫ్ట్‌వేర్‌ను ఇలాగే నడుపుతుంది: లిస్టులు, డెబ్ ఫైళ్లు నిలవలో ఉంచుతుంది, పేర్ల జాబితా చూసి బూట్ అయిన ప్రతిసారీ కొత్తగా ఎక్కిస్తుంది. చిట్టాను మాత్రం దాచదు. ఇది మొదటి వారమే చదివి ఉంటే దశ 3 సగం మిగిలేది.

నాలుగు రోజులకు కొత్త తంటా. రాత్రి లిస్టులు అప్‌డేట్ అయ్యాయి. పొద్దున హాట్‌స్పాట్ లేదు, నేను రేణిగుంటలో ఉన్నాను. 'తయారు' ఆగిపోయింది. జాబితాలో ఒక ప్యాకేజీకి లిస్టులో కొత్త వెర్షన్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పాత డెబ్ ఉంది. లిస్టు ముందుకు పోయింది, సరుకు వెనకబడింది. అప్‌డేట్ చెయ్యకుండా ఉండి ఉంటే పాతదే నిక్షేపంగా ఎక్కేది.

మార్చిన 'తయారు' వరుస:

1. టచ్ ఫైలు వయసు 24 గంటల లోపు ఉంటే నేరుగా 5కి.
2. లిస్ట్స్ ఫోల్డర్‌ను 'సీపీ మైనస్ ఏ'తో పక్కన పాత కాపీగా పెట్టు.
3. అప్‌డేట్. వెంటనే 23 పేర్లకూ కొత్త డెబ్‌లు దించు, ఎక్కించవద్దు ('మైనస్ డీ').
4. రెండూ సరిగా అయితే టచ్, ఆపై పాతబడిన డెబ్‌లను తుడిచే 'ఆటోక్లీన్'. ఏ ఒక్కటి తప్పినా పాత కాపీని తిరిగి పెట్టు.
5. నో-డౌన్‌లోడ్‌తో ఎక్కించు.

పరీక్షగా మూడో మెట్టు మధ్యలో హాట్‌స్పాట్ ఆపి నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ పాత లిస్టుతో ఎక్కింది. కరెంటే తీసేసి చూస్తే ఒకసారి చిక్కింది, నాలుగో మెట్టు దాకా రానేలేదు కాబట్టి. ఇప్పుడు మొదటి మెట్టుకు ముందే 'సగంలో ఆగిన గుర్తు ఉందా' అని చూసి, ఉంటే పాత కాపీ పెడుతోంది.

ఇప్పటిదాకా: 11 బూట్ల రోజు లెక్క, లిస్టులకు 2.1 ఎంబీ, డెబ్‌లకు 0. పర్సిస్టెన్స్.కాన్ఫ్‌లో వరుసలు 4. విభజనలో నిండింది 270 ఎంబీ.

దశ 7: ఒకటి దించి మూడింటికి పంచడం

పాయింట్ రిలీజ్ వచ్చింది. మెయిన్ లిస్టు మారింది, నాలుగు పెన్‌డ్రైవులకూ మళ్లీ తలా 15 ఎంబీ. ఒకదాంట్లో దించి మిగతా వాటికి కాపీ చేద్దామని 'సీపీ మైనస్ ఆర్' కొట్టాను. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ '_ఆప్ట్' యూజర్ ఆ ఫోల్డర్ తెరవలేకపోతున్నాడు, రూట్‌గానే దించుతున్నాను అని హెచ్చరిక రావడం మొదలైంది. కాపీలో ఫోల్డర్ల యజమాని, అనుమతులు అసలులా రాలేదు. 'మైనస్ ఏ'తో కాపీ చేస్తే యజమాని, అనుమతులు, తేదీలు అన్నీ అలాగే వస్తాయి. తేదీలు సరిగా రాకపోతే 'హిట్' తేల్చడం కూడా తప్పవచ్చు. నాలుగు పెన్‌డ్రైవులకూ ఐఎస్ఓ ఒకటే కాబట్టి యూజర్ నంబర్లూ కలుస్తాయి.

కొలత: దించింది 15.6 ఎంబీ ఒకసారి, కాపీ ఒక్కోదానికి 11 సెకన్లు.

ఒక జాగ్రత్త. ముందు మేం 'టోర్యామ్' మాటతో (సిస్టమ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించేది) బూట్ చేసి, పెన్‌డ్రైవ్ పీకేసి ఇంకో యంత్రానికి పెట్టేవాళ్లం. ఇప్పుడు పీకితే లిస్టులున్న నేల లాగేసినట్టే. ఒకడు పాత అలవాటున పీకాడు. విభజనను సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే బాగైంది, పోయిందేమీ లేదు. పెన్‌డ్రైవులను ఇప్పుడు టేపుతో క్యాబినెట్‌కు అంటించాం.

మిగిలింది 2 జీబీ యంత్రం. మార్పుల పొరకు ర్యామ్‌లో సగమే, అంటే 1 జీబీ దొరుకుతుంది. 61 డెబ్‌లు విప్పుకుంటే అందులో 300 ఎంబీ పైగా పోతోంది, ఫైర్‌ఫాక్స్ తెరిస్తే బిగుసుకుంటోంది. దానికి ఫాంట్లు, టైపింగ్ మాత్రమే ఉన్న ఏడు పేర్ల జాబితా పెట్టాను, 'తయారు' 22 సెకన్లలో అవుతోంది. జీసీసీ కావలసినవాళ్లు పక్క యంత్రం ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నారు. పాత డీడీఆర్2 ర్యామ్ కార్డు ఎవరి దగ్గరైనా ఉంటుందేమోనని తిలక్ రోడ్డులో రెండు రిపేరు కొట్లలో చెప్పి వచ్చాను. ఒకాయన ఆదివారం రమ్మన్నాడు.